టోపీ తీయని పాదిరీ

విభీషణుడు మంచివాడా, చెడ్డవాడా? ఈ ప్రశ్న వేస్తే మనలో నూటికి తొంభైమంది తడుముకోకుండా మంచివాడనే చెబుతారు. అన్న చేసే అధర్మం చూడలేక, చెప్పి చూసి, వినకపోతే లంక విడిచి వచ్చినవాడు. శరణు అన్న మరుక్షణం రాముడంతటివాడు అభయమిచ్చాడు. అయినా సరే, పుట్టిన పిల్లవాడికి విభీషణుడని పేరు పెట్టుకునే తల్లిదండ్రులు మనకు కనబడరు. పైగా 'ఇంటిగుట్టు లంకకు చేటు' అని సామెత ఒకటి కట్టి, పుట్టింట్లో అత్తగారి మాట చెప్పిన కోడలి దగ్గర్నుంచి అందరిమీదా ప్రయోగిస్తున్నాం. కుంభకర్ణుడి సంగతి చూడండి. అన్న చేసింది తప్పని ముఖం మీదే చెప్పాడు. చెప్పి, ఆ తప్పు చేసిన అన్న కోసమే యుద్ధానికి వెళ్లి ప్రాణం వదిలాడు. అతణ్ణి తలుచుకుంటే మనకు కోపం రాదు. అయ్యో పాపం అనిపిస్తుంది. ధర్మానికి కట్టుబడినవాణ్ణి గౌరవిస్తాం, అన్నకు కట్టుబడినవాణ్ణి ప్రేమిస్తాం. ఇదేమి న్యాయమో మనకే తెలియదు.

దీనికి కారణం మన భాషలోనే వున్నదేమో! 'విశ్వాసం' అన్న మాట వున్నది. దేవుడి మీద విశ్వాసం అంటాం. ఉప్పు తిన్న విశ్వాసం అనీ అంటాం. మొదటిది నమ్మకం, రెండవది యజమాని పట్ల కృతజ్ఞత. రెంటికీ ఒకటే మాట. క్రైస్తవ సోదరులు తమ సంఘంలో చేరినవారిని విశ్వాసులంటారు. మనం ఇంటిని కనిపెట్టుకుని వుండే కుక్కనూ విశ్వాసం గల జంతువంటాం. ఈ రెండు విశ్వాసాలూ ఒకే దారిన నడిచినంత కాలం ఎవరికీ చిక్కులేదు. దేవుడొక దారీ, యజమాని ఒక దారీ పట్టినప్పుడే మనిషి అడకత్తెరలో పోకచెక్క అవుతాడు. అప్పుడు ఒకరికి విశ్వాసంగా వుండాలంటే మరొకరికి ద్రోహం చేయక తప్పదు.

ఈ చిక్కును నాటకం చేసి చూపినవారిలో అందరికంటె పెద్దవాడు గ్రీకు కవి సోఫొక్లీస్. ఆయన 'యాంటిగొనీ' క్రీస్తుకు పూర్వం 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఆడిన నాటకం. కథ చిన్నదే. థీబ్స్ నగరపు సింహాసనం కోసం అన్నదమ్ములిద్దరు కొట్టుకుని ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. మేనమామ క్రియోన్ రాజయ్యాడు. నగరాన్ని కాపాడినవాడికి రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపించాడు. పరాయి సేనను వెంటబెట్టుకుని సొంత ఊరిమీదికి వచ్చినవాడి శవాన్ని మాత్రం కాకులకూ కుక్కలకూ వదిలేయమన్నాడు. ఎవరైనా పిడికెడు మన్ను వేస్తే మరణశిక్ష అని చాటింపు వేయించాడు. చనిపోయినవాళ్ల చెల్లెలు యాంటిగొనీ వెళ్లి ఆ పిడికెడు మన్నూ వేసింది. రాజు నిలదీస్తే, నువ్వు నిన్న పెట్టిన చట్టం కంటె దేవతలు ఏనాడో పెట్టిన చట్టం పెద్దదన్నది. రాజు ఆమెను సజీవంగా గుహలో పెట్టి మూయించాడు. గుడ్డి జ్యోతిష్కుడు వచ్చి హెచ్చరించిన తర్వాత మనసు మార్చుకుని పరుగెత్తాడు గాని, అప్పటికే ఆమె ఉరిపోసుకున్నది. ఆమెను పెళ్లాడవలసిన రాజుగారి కొడుకు కత్తితో పొడుచుకున్నాడు. ఆ వార్త విని రాణి కూడా ప్రాణం తీసుకున్నది. బతికి మిగిలినవాడు రాజు ఒక్కడే. అదే అతని శిక్ష.

మన పౌరాణిక నాటకాలలో లాగా క్రియోన్ కోరమీసాల రాక్షసుడు కాడు. అప్పుడే అంతర్యుద్ధం ముగిసిన ఊరిని ఒక కట్టులో పెట్టాలని చూసిన పాలకుడు. చట్టం అందరికీ ఒకటే, మేనకోడలైనా సరే అన్నాడు. అందులో తప్పేమున్నది? యాంటిగొనీకి ఇస్మేనీ అనే చెల్లెలున్నది. మనం ఆడవాళ్లం, రాజుతో మనకెందుకు అని అక్కను వారించింది. ఆమె మాత్రం పిరికిదా? మనలో చాలామంది ఇస్మేనీలమే గదా! జర్మన్ తత్త్వవేత్త హెగెల్ ఈ నాటకాన్ని గురించి చెప్పినది అందుకే బాగుంటుంది. మంచికీ చెడ్డకూ జరిగే పోరు విషాదం కాదు, ఒక న్యాయానికీ ఇంకొక న్యాయానికీ జరిగే పోరే విషాదం అని ఆయన భావం.

నాటకంలో ఇదంతా రెండు గంటల్లో అయిపోతుంది. నిజజీవితంలో పదిహేనేళ్లు పట్టిన కథ ఒకటి ఈ వారం చెప్పుకుందాం. ఇందులో రాజు లండన్‌లో వున్నాడు. తిరగబడినవాడు నల్లకోటు వేసుకున్న బాప్టిస్టు పాదిరీ. పేరు జాన్ చిలెంబ్వే.

* * *

ఆఫ్రికా ఖండానికి ఆగ్నేయంగా, పొడుగాటి సరస్సు ఒకదాని ఒడ్డున వున్న సన్నని దేశం మలావీ. ఇంగ్లీషువారి కాలంలో దానిపేరు న్యాసాలాండ్. 1859లో ఆ సరస్సును చేరిన డేవిడ్ లివింగ్‌స్టన్ పేరు మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదివే వుంటారు. బానిస వ్యాపారం పోవాలంటే ఆ గడ్డమీదికి క్రైస్తవమూ, వర్తకమూ చేయి చేయి పట్టుకుని రావాలని నమ్మిన మనిషి ఆయన. ఆయన పోయిన రెండేళ్లకే, 1875లో, స్కాట్లండ్ మిషనరీలు అక్కడ కాలుపెట్టారు. బళ్లు పెట్టారు, ఆస్పత్రులు పెట్టారు. 1891లో బ్రిటిష్ జెండా కూడా వచ్చింది. జెండాతో పాటు గుడిసె పన్ను వచ్చింది. ప్రతి గుడిసెకూ యేటా ఇంత అని రొక్కం కట్టాలి. రొక్కం కావాలంటే తెల్లదొర తోటలో కూలికి పోవాలి.

1892లో అక్కడికి జోసెఫ్ బూత్ అనే ఇంగ్లీషు బాప్టిస్టు మిషనరీ వచ్చాడు. మిగతా మిషనరీలకు ఆయన కంటిలో నలుసు. ఆఫ్రికా ఆఫ్రికన్లదే అనేవాడు. 1897లో ఆ పేరుతోనే పుస్తకం కూడా అచ్చు వేశాడు. గుడిసె పన్ను సొమ్మంతా వాళ్ల చదువులకే ఖర్చు పెట్టాలని ప్రభుత్వానికి మహజరు పెట్టాడు. అంతటి మనిషీ కత్తి పట్టడం మాత్రం మహాపాపమనేవాడు. ఆయన ఇంటికి వంటపని అడగడానికి వచ్చిన ఇరవైయేళ్ల యువకుడే చిలెంబ్వే. వంటచేశాడు, జబ్బుపడిన దొరగారి చిన్నబిడ్డకు సేవచేశాడు, పక్కనే కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. 1893లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. వంటవాడు శిష్యుడయ్యాడు.

1897లో బూత్ అతణ్ణి అమెరికా తీసుకువెళ్లాడు. అక్కడ నల్లవారి బాప్టిస్టు సంఘాలు అతణ్ణి చేరదీసి వర్జీనియా రాష్ట్రంలో లించ్‌బర్గ్ అనే ఊళ్లో దైవశాస్త్ర కళాశాలలో చేర్పించాయి. బానిసత్వం పోయి మూడు దశాబ్దాలైనా ఆ దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాడికి బండిలో వేరే పెట్టె, బడిలో వేరే గది. కాని చిలెంబ్వే కళ్లకు ఇంకొకటి కూడా కనబడింది. అక్కడ నల్లవాడు కట్టిన చర్చి వున్నది, నల్లవాడు నడిపే కళాశాల వున్నది. తెల్లవాడి దయ లేకుండానే క్రీస్తును కొలవవచ్చు, పిల్లలకు చదువు చెప్పుకోవచ్చు! 1900లో పాదిరీగా పట్టం పుచ్చుకుని, కోటూ, టోపీతో సొంతగడ్డకు తిరిగి వచ్చాడు.

వచ్చి చిరాద్‌జులు దగ్గర మబోంబ్వేలో స్థలం కొని 'ప్రావిడెన్స్ ఇండస్ట్రియల్ మిషన్' స్థాపించాడు. పత్తి, కాఫీ వేయించాడు. ఆయన భార్య ఐడా ఆడపిల్లలకు కుట్టుపని నేర్పింది. 1912 నాటికి ఏడు బళ్లు, వాటిలో వెయ్యిమంది పిల్లలు. మగవాళ్లు కోటు వేసుకోవాలి, స్త్రీలు శుభ్రమైన గౌనులు వేసుకోవాలి, మద్యం ముట్టరాదు, సోమరితనం పనికిరాదు. ఇటుకలతో పెద్ద చర్చి కట్టించాడు. చూడబోతే ప్రభుత్వం మెచ్చి బిరుదు ఇవ్వవలసిన మనిషి! పన్ను కడుతున్నాడు, ఉపదేశాల్లో కష్టపడి పనిచేయమంటున్నాడు, రాజుగారికి విధేయుడిగానే వున్నాడు. పదమూడేళ్లు అట్లాగే వున్నాడు.

అయితే ఆ కోటే, ఆ టోపీయే తోటల దొరలకు కంటగింపు అయింది. ఆనాడు న్యాసాలాండ్‌లో తెల్లవాడు ఎదురైతే నల్లవాడు టోపీ తీసి చేతపట్టుకోవాలి. నేలమీద కూర్చుని దండం పెట్టేవాడంటే దొరలకు ముద్దు. బూట్లు తొడుక్కుని బైబిలు చంకన పెట్టుకుని నడిచేవాడంటే మంట. 1911 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో తెల్లవారు ఎనిమిది వందల లోపు. ఆఫ్రికన్లు పది లక్షలకు కాస్త తక్కువ. అంత కొద్దిమంది అంతమందిని ఏలాలంటే తుపాకుల కంటె టోపీల మీదనే ఎక్కువ ఆధారపడక తప్పదు. ఒకడు టోపీ తీయడం మానితే రేపు వందమంది మానుతారు.

చిలెంబ్వే మిషన్ పక్కనే మగొమెరో తోట. లక్షా అరవైవేల ఎకరాలకు పైబడిన జమీ. దాని యజమానులెవరనుకున్నారు? డేవిడ్ లివింగ్‌స్టన్ మనుమలు! తాత బానిసల సంకెళ్లు తెంచాలన్నాడు. మనుమల తోటలో పేదవాళ్లు 'తంగట' చేస్తున్నారు. ఆ మాట ఒకప్పుడు మన పల్లెల్లో బదులు సాయం వంటిదే; నీ చేనుకు నేను వస్తాను, నా చేనుకు నువ్వు రా అన్న మర్యాద. తోటలు వచ్చిన తర్వాత అది అచ్చంగా వెట్టి అయింది. భూమిలో గుడిసె వేసుకున్నందుకు అద్దెగా నెల పని, గుడిసె పన్ను కింద ఇంకో నెల పని. కాగితం మీద రెండు నెలలు. తీరా వాన కురిసి సొంత చేను దున్నుకోవలసిన అదనులోనే పిలుపు వస్తుంది, ఆ రెండూ సాగి నాలుగైదు అవుతాయి. పక్కనున్న పోర్చుగీసు రాజ్యం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన లోమ్వే జాతివాళ్లే ఆ తోటలో ఎక్కువ. వాళ్లకు ఎక్కడా చెప్పుకునే దిక్కులేదు. 1913లో కరువు కూడా వచ్చిపడింది.

తోట మేనేజరు విలియం జెర్విస్ లివింగ్‌స్టన్ కరకుమనిషి. తన తోటలో బడి గాని, చర్చి గాని వుండరాదన్నాడు. చిలెంబ్వే మనుషులు మట్టితో, గడ్డితో ప్రార్థన మందిరాలు వేసుకుంటే కాల్పించాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కాల్చినవాడూ క్రైస్తవుడే, కాలినదీ క్రీస్తు మందిరమే. ఒకే పుస్తకం చదివే ఇద్దరి మధ్య వచ్చిన తగవు ఇది. దొర వైపు పాదిరీలు అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రిక తీసి, పై అధికారులకు లోబడమని అందులో వున్నదని చూపేవారు. చిలెంబ్వే వైపు విశ్వాసులు అపొస్తలుల కార్యాలు తీసి, మనుషుల కంటె దేవుడికే లోబడాలని పేతురు సభలో చెప్పిన ఘట్టం చూపగలరు. రెండు మాటలూ ఒకే అట్టల మధ్య వున్నాయి. ఏ పేజీ తెరవాలన్నది చదివేవాడు ఏ గడపలో నిలబడి వున్నాడనే దాన్ని బట్టి వుంటుంది.

* * *

1914 ఆగస్టులో ఐరోపాలో యుద్ధం మొదలైంది. ఆఫ్రికాలో బ్రిటిష్ భూములకూ జర్మన్ భూములకూ సరిహద్దు వున్నచోట ఆ యుద్ధం ఆఫ్రికన్లే చేయవలసి వచ్చింది. సెప్టెంబరులో సరస్సు ఉత్తరపు కొసన కరోంగా దగ్గర పెద్ద పోరాటం జరిగి న్యాసాలాండ్ సిపాయిలు ఎందరో చనిపోయారు. బరువులు మోయడానికి మనుషులను ఊళ్లలో నుంచి పట్టుకుపోతున్నారు. చిలెంబ్వే అప్పుడు చేసిన పని తుపాకి పట్టడం కాదు; పత్రికకు ఉత్తరం రాయడం. నవంబరులో 'న్యాసాలాండ్ టైమ్స్'కు తన దేశస్థుల తరఫున రాశాడు. ఈ యుద్ధం మాది కాదు, మా నెత్తురు ఎందుకు పారాలి? శాంతి రోజుల్లో సుఖాలన్నీ తెల్లవారికీ, యుద్ధం వస్తే చావులో మాత్రం మాకూ వాటా! బాంకుల వాళ్లు, బిరుదుల వాళ్లు, దుకాణదార్లు, తోటల దొరలు ముందు వెళ్లి గుళ్లకు ఎదురు నిలవండి. చచ్చిన మావాళ్ల పెళ్లాంబిడ్డల గతేమిటి? ఇదీ ఆ ఉత్తరం సారాంశం. వినయంగానే రాశాడు. ప్రభుత్వం ఆ ఉత్తరం జనం చేతికి పోకుండా ఆపింది.

ఉత్తరం ఆపడం గవర్నరుకు చిన్న పని. చిలెంబ్వేకు మాత్రం అది తలుపు మూసిన చప్పుడు. మహజర్లు అయినాయి, విన్నపాలు అయినాయి. అప్పటికే ఆయనకు ఆయాసం జబ్బు, చూపు మందగించింది, అప్పులవాళ్లు వెంటపడుతున్నారు. ఇవి కూడా మనిషిని తొందరపెట్టే వుంటాయి. మహాపురుషుల కథల్లో ఇటువంటివి రాయరు గాని, అవీ నిజమే. ఆయన సంఘంలోని మనుషులు మాత్రం పిచ్చివాళ్లు కారు. జాన్ గ్రే కూఫా స్కాట్లండ్ మిషన్‌లో చదువుకుని ఆస్పత్రి పని నేర్చినవాడు. డేవిడ్ కడూయా ఇంగ్లీషు పటాలంలో సిపాయిగా పనిచేసినవాడు. ఏది తమను కాపాడగలదో, ఏది కాపాడలేదో వాళ్లకు తెలుసు.

1915 జనవరి 23, శనివారం రాత్రి. సుమారు రెండు వందలమంది బల్లేలూ గొడ్డళ్లూ పట్టుకుని బయలుదేరారు. ఒక గుంపు మగొమెరో తోటకు వెళ్లింది. లివింగ్‌స్టన్‌ను భార్య కళ్లెదుటే చంపి, తల నరికింది. మరో ఇద్దరు తెల్లవాళ్లు కూడా ఆ రాత్రి చనిపోయారు. మరో గుంపు బ్లాంటైర్ పట్నంలో వర్తక కంపెనీ ఆయుధాల గది పగలగొట్టింది. దొరికినవి అయిదు తుపాకులు! అక్కడ కాపలా వున్న ఆఫ్రికన్ మనిషి ఒకడు బలి అయినాడు. తిరగబడ్డవాళ్లు ఆడవాళ్ల మీద మాత్రం చేయివేయలేదు. తోటలోని దొరసానులనూ పిల్లలనూ కొంతదూరం తీసుకువెళ్లి, తిండి పెట్టి, క్షేమంగా వదిలేశారు. అది పాదిరీగారి ఆజ్ఞ.

మర్నాడు ఆదివారం. మబోంబ్వే చర్చిలో ఎప్పటిలాగే ఆరాధన జరిగింది. చిలెంబ్వే ఎప్పటిలాగే ఉపదేశం చేశాడు. మందిరంలో ఒక గెడకు లివింగ్‌స్టన్ తల గుచ్చి వున్నది.

ఈ ఘట్టం దగ్గర ఎవరి మనసైనా వెనక్కి తగ్గుతుంది; తగ్గాలి కూడా. గెత్సేమనే తోటలో శత్రువుల మీదికి కత్తి దూసిన పేతురును, ఒరలో పెట్టమని మందలించిన ప్రభువు మందిరం అది. పన్నెండేళ్లు తల్లులకూ పిల్లలకూ ప్రేమ బోధించిన గొంతు అది. తన గుడిసెలో వంటచేసి పెట్టిన శిష్యుడు ఇట్లా చేశాడని తెలిస్తే, కత్తినే అసహ్యించుకున్న బూత్ ఏమనుకుని వుంటాడు! కాల్చిన మందిరాలకు ఈ తల ప్రతీకారమని సరిపెట్టుకోవచ్చు. వెట్టిలో పోయిన ప్రాణాల లెక్క ముందు ఈ మూడు ప్రాణాలు ఎంత అని వాదించవచ్చు. వాదించినా ఆ గెడ మన కళ్లముందు నుంచి పోదు. యాంటిగొనీ పిడికెడు మన్ను వేసి ఊరుకున్నది. ఆమె చేతికి నెత్తురు అంటలేదు. నాటకంలో కవి ఆమెకు చేసిన ఉపకారం అది. చరిత్ర చిలెంబ్వేకు ఆ ఉపకారం చేయలేదు.

ఆ తర్వాత అంతా పదిరోజుల పని. ఊళ్లు లేస్తాయనుకున్నారు, లేవలేదు. జర్మన్ల సాయం కోరుతూ పంపిన ఉత్తరం వల్ల ఫలం లేకపోయింది. పటాలం దిగింది. చిలెంబ్వే మనుషులు కొందరు కాథలిక్కు మిషన్ ఒకదాన్ని తగలబెట్టి, అక్కడి ఫాదరును బల్లెంతో పొడిచారు; ఆయన బతికాడు గాని, ఆ మంటల్లో ఒక ఆడపిల్ల చనిపోయింది. క్రీస్తు మందిరాన్ని కాల్చారన్న కోపంతో లేచినవాళ్లు క్రీస్తు మందిరాన్నే కాల్చారు. ప్రభుత్వం మబోంబ్వే ఇటుక చర్చిని డైనమైటు పెట్టి పేల్చింది. ఫిబ్రవరి 3న, పోర్చుగీసు సరిహద్దు చేరబోతూ వున్న చిలెంబ్వేను కాల్చి చంపారు. కాల్చినవాళ్లు కూడా ఆఫ్రికన్లే. ఉప్పు తిన్న విశ్వాసం వాళ్లది. సుమారు నలభైమందికి మరణశిక్ష పడింది. కూఫాను ఉరితీశారు. మూడు వందలమంది జైలు పాలయ్యారు.

విచారణ కమిషన్ వేశారు. చదువుకున్న ఆఫ్రికన్లు, స్వతంత్ర చర్చిలు, అమెరికా భావాలు ఇవన్నీ కారణాలని రాసింది. అదే నివేదికలో మగొమెరో తోటలో కూలీల స్థితి చట్టవిరుద్ధమనీ, క్రూరమనీ కూడా ఒప్పుకున్నది! 1917లో చట్టం ఒకటి వచ్చింది గాని, తంగట ఏదో ఒక రూపంలో స్వాతంత్ర్యం దగ్గర పడేదాకా సాగుతూనే వున్నది.

* * *

ఇంతకూ, గెలవలేనని తెలిసి ఎందుకు లేచినట్టు? జార్జి సిమియన్ మ్వాసే అనే మలావీ రచయిత 1930 దశాబ్దం మొదట్లో చిలెంబ్వే కథ రాసిపెట్టాడు. అది 1967లో అచ్చయింది. అందులో చిలెంబ్వే తన మనుషులకు అమెరికాలో జాన్ బ్రౌన్ చేసిన పని గుర్తుచేశాడని వున్నది. జాన్ బ్రౌన్ తెల్లవాడు, గట్టి క్రైస్తవుడు. బానిసల విడుదల కోసం 1859లో కొద్దిమందితో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడి, ఓడి, ఉరికంబం ఎక్కాడు. అది జరిగింది వర్జీనియాలోనే. చిలెంబ్వే తర్వాత చదువుకున్న రాష్ట్రం అదే. మనం గెలవం, ఒక దెబ్బ కొట్టి చనిపోదాం, మేము ఇది ఒప్పుకోలేదని అప్పుడైనా తెలుస్తుంది. మ్వాసే రాసినదాన్ని బట్టి పాదిరీగారి ఆలోచన ఇది. ఇది సేనాపతి లెక్క కాదు. తన చావును ఉపదేశంగా ఇవ్వదలచిన బోధకుడి లెక్క.

అందరూ అట్లా చేయాలని ఎవరూ అనలేరు. ఆనాడు న్యాసాలాండ్‌లో ఆఫ్రికన్ క్రైస్తవుల్లో ఎక్కువమంది లేవలేదు. స్కాట్లండ్ మిషన్ల బళ్లలో పాఠాలు చెప్పుకుంటూ, రోగులకు మందులు ఇస్తూ వుండిపోయారు. వాళ్లను పిరికివాళ్లనడం దూరాన కూర్చున్న మనకు సుళువు. వాళ్ల బళ్లల్లో చదువుకున్న పిల్లలూ తర్వాత స్వాతంత్ర్యం అడిగారు. చిలెంబ్వే బడిలో చదువుకున్న డేనియల్ మలెకెబు అనే కుర్రవాడు అమెరికా వెళ్లి డాక్టరు అయినాడు. గురువు రాజద్రోహిగా చచ్చిన తర్వాత, ఆయన పేరెత్తడానికే జనం జంకే రోజుల్లో, 1926లో తిరిగి వచ్చి, ప్రభుత్వం దగ్గర అనుమతి పుచ్చుకుని, అదే మిషన్‌ను మళ్లీ తెరిచాడు. కత్తి పట్టలేదు. చట్టం మీరలేదు. గురువు పెట్టిన బడిలో మళ్లీ గంట కొట్టించాడు. ఏ నాటక కవీ అతణ్ణి నాయకుణ్ణి చేయడు. కాని మన ఇళ్లల్లోనూ సంసారాలు నిలబెట్టేవాళ్లు ఇటువంటివాళ్లే.

1964లో న్యాసాలాండ్ మలావీ అయింది. రాజద్రోహి బొమ్మ ఆ దేశపు నోట్లమీదికి ఎక్కింది. జనవరి 15 చిలెంబ్వే దినం. ఆనాడు మలావీలో సెలవు. అంతటితో అయిపోలేదు. 1914లో తన కొత్త చర్చి ముందు జాన్ చోర్లీ అనే యూరోపియన్ మిషనరీ పక్కన నిలబడి చిలెంబ్వే తీయించుకున్న ఫొటో ఒకటి మిగిలింది. అందులో ఆయన నెత్తిన టోపీ వున్నది. తెల్లవాడి పక్కన తీయని టోపీ! మలావీ శిల్పి శాంసన్ కంబాలు ఆ ఫొటోను విగ్రహాలుగా మలచగా, 2022లో లండన్ నడిబొడ్డున, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఖాళీగా వున్న దిమ్మె మీద పెట్టారు. చిలెంబ్వేను ఆకాశమంత ఎత్తుగా, చోర్లీని పక్కన చిన్నగా చెక్కాడు శిల్పి. ఇంగ్లీషు సేనాపతుల నడుమ రెండేళ్లపాటు ఆ టోపీ అట్లాగే నిలబడి వున్నది.

యాంటిగొనీ కథ కూడా ఏథెన్స్‌తో ఆగలేదు. 1944లో జర్మన్ల చెరలో వున్న పారిస్‌లో జీన్ అనూయి దాన్ని తిరగరాసి ఆడించాడు. దక్షిణాఫ్రికాలో రోబెన్ ద్వీపపు జైల్లో రాజకీయ ఖైదీలు ఆ నాటకం వేసుకున్నారు. అందులో నెల్సన్ మండేలా వేసిన పాత్ర ఏమిటో తెలుసా? యాంటిగొనీ పక్షాన నిలిచే ఏ పాత్రా కాదు. రాజు క్రియోన్ పాత్ర! ఆ జైలు ప్రదర్శనల ప్రేరణతోనే 1973లో ఆథల్ ఫ్యూగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ న్ట్షోనా కలిసి 'ది ఐలండ్' అనే నాటకం తయారుచేశారు. రేపు రాజ్యం ఏలవలసినవాడు జైల్లో కూర్చుని, మొండి రాజు వేషం కట్టి, ఆ మొండితనం ఎక్కడికి దారితీస్తుందో తనకు తాను చెప్పుకోవడం ఎంత మంచి పాఠం! తిరగబడేవాడికి యాంటిగొనీ ధైర్యం ఎంత అవసరమో, గెలిచిన తర్వాత క్రియోన్ భయం అంతకంటె అవసరం.

విశ్వాసం అంటే లోబడటమే అనుకుంటే ప్రపంచంలో ఇంకా బానిస సంతలు సాగుతూ వుండేవి. విశ్వాసం అంటే తిరగబడటమే అనుకుంటే ఏ ఇల్లూ, ఏ సంఘమూ పట్టుమని పదేళ్లు నిలవదు. చిలెంబ్వే పదమూడేళ్లు లోబడి చూశాడు, విన్నవించి చూశాడు, ఉత్తరం రాసి చూశాడు. ఆ ఉత్తరాన్ని అచ్చుకానిచ్చి, దానికి జవాబు చెప్పి వుంటే ఆ శనివారం రాత్రి వచ్చేదా? ఆ పాపంలో గెడ నాటినవారి వాటా ఎంతో, ఉత్తరం ఆపినవారి వాటా ఎంతో తూచగల తక్కెడ మన దగ్గర లేదు. మన చేతిలో వున్నది మాత్రం ఒకటున్నది. మన కింద పనిచేసేవాడో, మన ఇంట్లో చిన్నవాడో వినయంగా ఒక మాట చెప్పుకోవడానికి వచ్చి నిలబడితే, వాడి నెత్తిన టోపీ తీశాడా లేదా అని చూడకుండా, ఆ మాటేమిటో ముందు వినడం.